చలిలో టర్బో ఇంజన్

చల్లబడేకొద్దీ గాలి చిక్కబడుతుంది. సముద్రమట్టం దగ్గర 40 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి సుమారు 1.13 కిలోలు తూగితే, సున్నా డిగ్రీల దగ్గర 1.29 కిలోలు తూగుతుంది. అంటే అదే చోటులో ఆక్సిజన్ దాదాపు ఏడో వంతు ఎక్కువ. ఇంధనం మండటానికి కావలసింది అదే.

టర్బోచార్జర్ చేసే పని కూడా సిలిండర్లలోకి ఎక్కువ గాలిని కూరడమే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. బయటికి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకున్న రెండో చక్రం గాలిని అదిమి లోపలికి తోస్తుంది. చిక్కు ఏమిటంటే, అదిమిన గాలి సైకిల్ పంపులాగే వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి తెచ్చేసరికి అది 130 డిగ్రీలు దాటిపోవచ్చు. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ చాలా కార్లలో ఎదురుగాలి మీదే ఆధారపడుతుంది కాబట్టి, చలిరోజుల్లో దాని పని సులువవుతుంది. పెట్రోల్ ఇంజన్లలో నాకింగ్ (ఇంధనం తనంతట తానే అదుపు తప్పి మండడం) కూడా తగ్గుతుంది. దాంతో స్పార్క్‌ను కాస్త ముందుగా ఇచ్చి ఎక్కువ శక్తి రాబట్టవచ్చు.

అయితే ఈ లాభమంతా బండి చక్రాలకు చేరదు. ఇప్పటి ఇంజన్లను నడిపే కంప్యూటర్ నిర్ణీత టార్క్ దాటనివ్వదు. గాలి చిక్కగా ఉంటే, వేడి వాయువులను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ తెరిచి టర్బోను నెమ్మదింపజేస్తుంది. నిజానికి తేడా బాగా తెలిసేది ఎండాకాలంలోనే. వేడికి ఇంజన్ తగ్గించుకున్న శక్తి చలికాలంలో తిరిగి వస్తుంది. దాన్నే చాలామంది అదనపు బలం అనుకుంటారు.

చలి నష్టం చేసేది మొదటి కొన్ని నిమిషాల్లో. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ, పలుచని ఆయిల్ పొర మీద తేలుతుంది. గడ్డకట్టే చలిలో చిక్కబడిన ఆయిల్ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. అందుకే 5డబ్ల్యూ-30 వంటి ఆయిళ్లు. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా కాసేపు నిదానంగా నడపాలి. రోజూ ఒకటి రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. మండని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లలో ఈ బెడద ఎక్కువ.

లద్దాఖ్‌లో లెక్క మారిపోతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. మైనస్ 10 డిగ్రీల చలిలోనూ అక్కడి గాలి విశాఖ తీరపు ఎండాకాలపు గాలికన్నా పలుచన. ఆ లోటు పూడ్చడానికి టర్బో మరింత వేగంగా తిరగాల్సి వస్తుంది. పైగా మామూలు డీజిల్‌లోని మైనం ఆ చలికి పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. మైనస్ 33 డిగ్రీల వద్ద కూడా పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో అక్కడికి తెచ్చింది.