వార్తల్లో పదం: కార్బొనిల్ సల్ఫైడ్

గంధకపు వాయువులంటే అగ్నిపర్వతాలు, బొగ్గు పొగగొట్టాలే గుర్తుకొస్తాయి. మన కాళ్ల కింది మట్టి కూడా వాటిని వదులుతుంది. నీళ్లు నిలిచి గాలి అందని బురదలో కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటుతో బతుకుతాయి. అవి వదిలేదే కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. సముద్రపు నీటిలో సల్ఫేటుకు కొదవ లేదు గనుక కోరింగ లాంటి మడ అడవుల బురదకు ఆ కంపు సహజం.

దాని బంధువే కార్బొనిల్ సల్ఫైడ్. గాలిలో లక్ష కోట్ల అణువులకు ఇది సుమారు 500 మాత్రమే. అయినా వాతావరణంలోని గంధకపు వాయువుల్లో దీనిదే పెద్ద వాటా. త్వరగా నశించదు. అందుకే స్ట్రాటోస్ఫియర్ దాకా చేరి, ఎండను వెనక్కి చిమ్మే సల్ఫేటు తుంపరలుగా మారుతుంది.

నేల తీరు మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. చల్లటి, గాలాడే అడవి నేల సాధారణంగా దీన్ని పీల్చుకుంటుంది. ఎండకు కాగిన పొడి పొలం, నీట మునిగిన మాగాణి వదులుతాయి. వేడి పెరిగేకొద్దీ విడుదల జోరందుకుంటుంది. కాబట్టి చలిదేశపు కొలతను తెచ్చి ఉష్ణమండలానికి అంటగట్టడం కుదరదు.

ఆకులు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు దీన్నీ పీలుస్తాయి, కానీ దాదాపుగా తిరిగి వదలవు. అందుకే కిరణజన్య సంయోగక్రియ ఎంత జరుగుతోందో అంచనా కట్టడానికి శాస్త్రవేత్తలు దీన్ని కొలుస్తున్నారు. నేల వాటా లెక్క తప్పితే ఆ అంచనా కూడా తప్పుతుంది.