రెండు పికప్‌ల ఎలక్ట్రిక్ గిటారులో వాల్యూమ్ నియంత్రణ: తీగల అమరిక - ధ్వనిపై ప్రభావం

వ్యాససంగ్రహం:
రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్ నాబ్‌లు గల ఎలక్ట్రిక్ గిటారులో రెండు పికప్‌లూ కలిసి పనిచేస్తున్నప్పుడు ఒక నాబ్‌ను సున్నాకు తిప్పితే, కొన్ని వాద్యాలలో ఆ పికప్ ఒక్కటే ఆగుతుంది. మరికొన్నింటిలో వాద్యమంతా మూగబోతుంది. ఈ భేదానికి మూలం పొటెన్షియోమీటరుకు తీగలను కలిపే తీరులో ఉందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఎలక్ట్రిక్ గిటారు, పికప్, పొటెన్షియోమీటరు, వాల్యూమ్, నిరోధం, కెపాసిటర్.

1. ఉపోద్ఘాతం:
గిబ్సన్ సంస్థ 1952లో విడుదల చేసిన లెస్ పాల్ గిటారులో మెడ వైపు ఒకటి, బ్రిడ్జి వైపు ఒకటి పికప్‌లుంటాయి. ఒక్కొక్క పికప్‌కు ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్ ఉంటాయి. మూడు స్థానాల స్విచ్‌ను మధ్యలో ఉంచితే రెండు పికప్‌లూ సమాంతరంగా కలుస్తాయి. అప్పుడు ఒక నాబ్ తగ్గించగానే ధ్వని అంతా ఆగిపోతే, పికప్ చెడిందని భ్రమించి మంచి భాగాన్నే మార్చే ప్రమాదం ఉంది.

2. పొటెన్షియోమీటరు నిర్మాణం:
వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటరులో వంపు తిరిగిన కార్బన్ పట్టీ ఉంటుంది. దాని రెండు అంచులకు రెండు కొనలు, పట్టీపై జారే స్పర్శకు నడిమి కొన ఉంటాయి. హంబకర్ పికప్‌లకు 500 కిలో ఓమ్‌లు, సింగిల్ కాయిల్ పికప్‌లకు 250 కిలో ఓమ్‌లు వాడడం పరిపాటి. ఒక అంచు కొన ఎప్పుడూ గ్రౌండ్‌కు కలిసే ఉంటుంది. మిగిలిన రెండింటిలో పికప్ తీగ దేనికి, బయటికి వెళ్లే తీగ దేనికి అన్నదే ఇక్కడి ప్రశ్న.

3. సంప్రదాయ అమరిక:
లెస్ పాల్‌లో పికప్ తీగ రెండవ అంచు కొనకు, బయటికి వెళ్లే తీగ నడిమి కొనకు కలుస్తాయి. నాబ్‌ను సున్నాకు తిప్పితే నడిమి కొన గ్రౌండ్‌ను తాకుతుంది. స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు రెండు నడిమి కొనలూ ఒకే తీగపై ఉంటాయి కనుక రెండవ పికప్ సంకేతం కూడా ఆ దారినే గ్రౌండ్‌కు పోతుంది. సున్నాకు చేరకముందే ఈ ప్రభావం మొదలవుతుంది. నడిమి కొనకు, గ్రౌండ్‌కు మధ్య 20 కిలో ఓమ్‌లే మిగిలితే, ఆ భారం రెండవ పికప్‌పై పడి, ముందుగా దాని హెచ్చు స్వరాలను తగ్గిస్తుంది.

4. స్వతంత్ర అమరిక:
పై రెండు తీగలను తారుమారు చేస్తే పికప్ నడిమి కొనకు, బయటికి వెళ్లే తీగ అంచు కొనకు కలుస్తాయి. ఇప్పుడు నాబ్ సున్నాలో ఉన్నా, బయటి తీగకు, గ్రౌండ్‌కు మధ్య పట్టీ పూర్తి నిరోధం అడ్డుగా నిలుస్తుంది. అందువల్ల రెండవ పికప్ యథాతథంగా మోగుతుంది. ఫెండర్ జాజ్ బేస్‌లో పికప్‌లను ఎంచుకునే స్విచ్ లేదు; రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్ గల దాని నమూనాలో ఈ అమరికే కనిపిస్తుంది. రెండు పికప్‌ల పాళ్లను నాబ్‌లతోనే నిర్ణయించవలసిన వాద్యానికి ఇది అవసరం.

5. లాభనష్టాలు:
స్వతంత్ర అమరికలో నాబ్ తగ్గించే కొద్దీ ఆ పికప్‌కు, గ్రౌండ్‌కు మధ్య నిరోధం తగ్గి, దాని ధ్వనిలోని మెరుపు మసకబారుతుంది. కేబుల్ కెపాసిటెన్స్ మరొక కారణం. మీటరుకు 100 పికోఫారడ్‌ల లెక్కన 5 మీటర్ల కేబుల్‌కు 500 పికోఫారడ్‌లవుతాయి. ఒక్క పికప్‌నే వాడుతూ 500 కిలో ఓమ్‌ల పట్టీపై స్పర్శను సరిగ్గా సగంలో ఉంచితే, స్వతంత్ర అమరికలో సుమారు 1,270 హెర్ట్‌జ్ నుండి, సంప్రదాయ అమరికలో సుమారు 2,550 హెర్ట్‌జ్ నుండి హెచ్చు స్వరాలు క్షీణిస్తాయి. పికప్ కొనకు, బయటి కొనకు మధ్య 1,000 పికోఫారడ్‌ల కెపాసిటర్‌ను చేర్చడం ఒక ఉపశమనం. అయితే పికప్‌పై పడే భారాన్ని అది తొలగించలేదు.

6. ముగింపు:
స్విచ్ రెండు చివరల స్థానాలలోనూ ధ్వని సరిగా ఉండి, మధ్య స్థానంలో ఒక నాబ్ సున్నాకు చేరినప్పుడే వాద్యం మూగబోతే, అది లోపం కాదు; సంప్రదాయ అమరిక లక్షణం. ఒక్క పికప్‌నే వాడుతూ వాల్యూమ్ తగ్గించి వాయించేవారికి ఆ అమరికే మేలు. రెండింటినీ కలిపి వాయించేవారికి స్వతంత్ర అమరిక అనుకూలం. ఒక్క పొటెన్షియోమీటరులోనే తీగలు మార్చితే, ఆ నాబ్ సున్నాలో ఉన్నా రెండవ పికప్ మోగుతుంది. మార్చని నాబ్ మాత్రం మునుపటిలాగే వాద్యం మొత్తాన్ని ఆపుతుంది. కాబట్టి తీగలను మార్చే ముందు తేల్చుకోవలసింది వాదకుని అవసరమే.