బలమునకై చేయు సాము బలమును హరించునపుడు

బలమును గోరి సాము చేయుట ఆంధ్రదేశమునకు క్రొత్త కాదు. అమలాపురమున దసరాకు జరుగు చెడీ తాలింఖానాను చూచుటకు నేటికిని జనము గుమిగూడుదురు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంపిన సంగతిని పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళము జిల్లాకు చెందిన శ్రీమతి కరణం మల్లీశ్వరి రెండు పద్ధతులలో 110, 130 కిలోలు, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకమును గెలిచిరి. ఒలింపిక్ పతకము పొందిన భారతీయ మహిళలలో ఆమెయే ప్రథమురాలు.

నేడు తాడేపల్లిగూడెము, ఏలూరు పట్టణములలోనే గాక పెద్ద గ్రామములలోను వ్యాయామశాలలు వెలసినవి. పోలీసు, సైనిక నియామకముల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధపడు యువకులు వానిని ఆశ్రయించుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే వారిలో కొందరు శ్రమ పెంచినకొలది బలము పెరుగునని నమ్మి, తమకు తెలియకయే దేహమును చెరుపుకొనుచున్నారు. ఆ స్థితిని ముందుగా గుర్తించుట ఎట్లో తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బరువు నెత్తుచున్నంతసేపు కండ బలపడదు. ఈ మాట వింతగా తోచవచ్చును. ఎత్తునపుడు కండలోని సన్నని పోగులు కొంత దెబ్బతినును, అందు నిలువయున్న శక్తి ఖర్చగును. తరువాత తిన్న తిండితోను, పోయిన నిద్రతోను శరీరము ఆ పోగులను బాగుచేసి, మునుపటికంటె కొంచెము గట్టిపరచును. గట్టిగా పనిచేసిన కండకు ఇందులకై సాధారణముగా రెండు మూడు దినములు పట్టును. ఆ గడువు నీయక మరల మరల అదే కండపై భారము మోపినచో, మరమ్మతు పూర్తికాని గట్టుమీదికి వరద వచ్చినట్లగును.

మన ప్రాంతపు యువకులు మరియొక సంగతిని గూడ గమనింపవలెను. శరీరమునకు కూలిపని ఖాతా ఒకటి, కసరత్తు ఖాతా ఒకటి యని రెండు లేవు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో 50 కిలోల బస్తాలు నూరు మోసిన హమాలీ, సాయంకాలమునకే 5,000 కిలోల బరువు నెత్తియున్నాడు. కొల్లేటి చేపల చెరువులలో తెల్లవారకముందే వల లాగినవాని నడుమునకు ఆనాటి సాము అప్పుడే ముగిసినది. పట్టణమున కుర్చీలో కూర్చుండి పనిచేయు వానికి వ్రాసిన కసరత్తు పట్టికను వీరు యథాతథముగా అనుసరించుట ఎంతమాత్రము తగదు.

ఇక గుర్తులు. అన్నిటిలో ముఖ్యమైనది, పోయిన వారము ఎత్తిన బరువు ఈ వారము లేవకుండుట. ఒకనాడు అట్లు జరిగిన చింతలేదు. రెండు మూడు వారములు బలము దిగజారుచునే యున్నచో జాగ్రత్త పడవలెను. పొరపాటంతయు ఇచ్చటనే జరుగుచున్నది. యువకుడు దీనిని తన సోమరితనమని తలచి, మరియొక గంట అదనముగా శ్రమించును. తోటివారును, ఒక్కొక్కచోట నేర్పువారును ‘ఇంకా గట్టిగా పట్టు’ అని ప్రోత్సహింతురు. రోగమునకు రోగమునే మందుగా ఇచ్చుట యన్న నిదియే.

ఒడలు అలసియుండియు రాత్రి నిద్రపట్టకుండుట, అన్నము సహింపకుండుట, ఇంటివారిపై అకారణముగా విసుగుకొనుట, నొప్పులు దినముల తరబడి తగ్గకుండుట, మాటిమాటికి జలుబు చేయుట, స్త్రీలకు నెలసరి తప్పుట గూడ గుర్తులే. ఇంటిలో తల్లియో భార్యయో వీనిని ముందుగా కనిపెట్టుట కద్దు. వారి మాట వినుట మంచిది.

ఒక చిన్న నోటుపుస్తకము ఈ విషయమున ఎంతయో ఉపకరించును. ఉదయము పడకనుండి లేవకముందే మణికట్టు నాడిని ఒక నిమిషము లెక్కించి వ్రాయవలెను. ఎన్ని గంటలు నిద్రపోయినది, ఎంత బరువెత్తినది, బయట ఏ పని చేసినది ప్రక్కనే వ్రాయవలెను. నాడి నాలుగైదు దినములు వరుసగా తన మామూలు లెక్కకంటె హెచ్చుగా నుండి, ఎత్తు బరువు తగ్గుచున్నచో విశ్రాంతి అవసరము. నాడి ఒక్కదానినే నమ్మరాదు. జ్వరము వచ్చినను, నిద్ర చాలకున్నను అది పెరుగును.

2013లో ఐరోపా, అమెరికా క్రీడావైద్య సంస్థలు ఉమ్మడిగా ప్రకటించిన అభిప్రాయము ప్రకారము, ఈ స్థితిని తేల్చిచెప్పు రక్తపరీక్ష ఏదియు లేదు. ఇతర వ్యాధులు లేవని ముందుగా నిర్ధారింపవలెను. రక్తహీనత, క్షయ, మధుమేహము, థైరాయిడు జబ్బులును ఇట్లే నీరసము కలిగించును. కావున రెండు వారములు విశ్రమించినను తేరుకొననివారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొనవలెను.

ఒక గుర్తు విషయమున మాత్రము ఒక్క పూటయు ఆగరాదు. తీవ్రమైన కసరత్తు పిదప, ముఖ్యముగా ఎండకాలమున, కండలు వాచి విపరీతముగా నొచ్చి, మూత్రము టీ డికాక్షను రంగులో వచ్చినచో, కండ కరిగి రక్తములో కలియుచున్నదని అనుమానింపవలెను. దీనివలన మూత్రపిండములు చెడిపోవు ప్రమాదము గలదు. నొప్పి బిళ్లలు మ్రింగి ఇంటిలో పరుండక, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తొందరగా గుర్తించినవారికి కొలది దినముల విశ్రాంతి చాలును. నెలల తరబడి నిర్లక్ష్యము చేసినవారు కోలుకొనుటకు నెలలే పట్టవచ్చును. తిరిగి మొదలిడునపుడు మునుపటి బరువులో సగముతో, వారమునకు రెండు మూడు దినములు మాత్రమే చేయవలెను. కోతలు, నూర్పులు, బస్తాల మోత ఉన్న దినమున బరువులను ముట్టకుండుటయే మేలు.