ఆర్చి బ్రిడ్జి దగ్గర దొరికిపోయిన ఏఐ

మా పిన్ని కూతురు బీఎఫ్ఏ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతోంది. మొన్న సెలవుల్లో రాజమండ్రి వెళ్ళినప్పుడు గొప్పకి పోయి నా ల్యాప్‌టాప్‌లో స్టేబుల్ డిఫ్యూజన్ చూపించాను. సాయంత్రం గోదావరి, ఆర్చి బ్రిడ్జి, ఒక నావ, వాటర్ కలర్ అని ఇంగ్లీషులో టైప్ చేశా. నిమిషంలో బొమ్మ వచ్చేసింది. తను కాసేపు చూసి, "ఇంక నేను గీయడం ఎందుకన్నయ్యా?" అంది. తర్వాత వారం రోజులు స్కెచ్‌బుక్ ముట్టుకోలేదు. పిన్ని నాకు పెట్టిన చివాట్లు ఇక్కడ రాయను.

తప్పు నాది కాబట్టి ఆ మెషీన్ ఏం చేస్తుందో చెప్పాల్సింది కూడా నేనే. ట్రైనింగ్‌లో కోట్ల బొమ్మలకి కొంచెం కొంచెంగా నాయిస్ కలుపుతారు, పాత టీవీలో సిగ్నల్ పోతే వచ్చే చుక్కల్లా. ఆ చుక్కల్ని ఊహించి తీసెయ్యడం మోడల్ నేర్చుకుంటుంది. మనం అడిగినప్పుడు ఉత్త చుక్కలతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా వాటిని తీసేస్తూ బొమ్మ తేలుస్తుంది. గీత ఎక్కడ మొదలైంది, చెయ్యి ఎక్కడ తడబడింది అన్నది అందులో ఉండదు. బొమ్మలు నేర్చుకునే పిల్లకి కావలసింది అదే కదా.

తెలుగులో అడిగితే ఇంకా తమాషా. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ మన మాటల్ని క్లిప్ అనే మోడల్ ద్వారా చదువుతుంది. దానికి ఒకసారికి 77 టోకెన్లే పడతాయి. "గోదావరి" అని తెలుగులో రాస్తే 21 బైట్లు. ఎక్కువగా ఇంగ్లీషు మీద పెరిగిన మోడల్ కాబట్టి మన మాటని ముక్కలు ముక్కలు చేసేస్తుంది, ఆ ముక్కలకి దాని దగ్గర అర్థం ఉండదు. ఇంగ్లీషులో అడిగినా వచ్చింది మన నావ కాదు, ఏదో చల్లటి దేశపు సరస్సులో పడవ.

ఇదంతా చెప్పినా తన మొహం మారలేదు. సరే పదమని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళాను. ఆయన 1897లో పుట్టారు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని కళని గుర్తించారు. బొంబాయి జేజే స్కూల్లో చదివి, తిరిగొచ్చి మన ఊళ్ళోనే బొమ్మలు నేర్పారు. 1925లో మశూచితో పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ స్కూల్‌ని వరదా వెంకటరత్నం గారు నిలబెట్టారు. (ఆర్ట్స్ కాలేజీ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో, ఇదేమీ నాకు తెలీదు.) చెల్లి పెద్ద పెయింటింగ్స్ కన్నా పెన్సిల్ స్కెచ్‌ల దగ్గరే ఎక్కువసేపు నిలబడింది.

అక్కణ్ణించి పుష్కర ఘాట్‌కి వెళ్ళాం. ఫోన్‌లో నా ఏఐ బొమ్మ తీసి, ఎదురుగా ఉన్న బ్రిడ్జి పక్కన పెట్టి చూసింది. "అన్నయ్యా, ఇందులో ఆర్చిలు ఒక్కోటి ఒక్కో సైజు. చివరిది స్తంభం లేకుండానే నీళ్ళలో దిగిపోయింది. ఎండ ఇటు, నీడా ఇటే!" 28 స్పాన్ల బ్రిడ్జి అది. రైల్లో దాని మీద లెక్కలేనన్నిసార్లు వెళ్ళిన నాకు ఒక్క తప్పూ కనబడలేదు. తను అక్కడే కూర్చుని గీసి గీసి ఉంది కాబట్టి కనబడింది.

ఇప్పుడు మా పద్ధతి ఇదీ. ముందు తను ఘాట్‌లో కూర్చుని గీస్తుంది. ఆ స్కెచ్‌ని నేను ఇమేజ్ టు ఇమేజ్‌లో పెడతాను. అందులో స్ట్రెంత్ అని ఒకటుంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. 0.3 దగ్గర పెడితే తన బొమ్మ చాలావరకు అలాగే ఉండి రంగులు మారతాయి. పొద్దున్న వెలుతురు, మబ్బు పట్టిన సాయంత్రం, ఇలా నాలుగు రకాలు చూసుకుని, కాగితం మీద ఏ రంగులు కలపాలో తనే తేల్చుకుంటుంది. 0.8కి వెళ్తే బొమ్మ తనది కాకుండా పోతుంది. ఎంట్రన్స్ హాల్లో ఎలాగూ కాగితం, పెన్సిల్, రంగులే కాబట్టి ఫైనల్ బొమ్మకి మాత్రం ల్యాప్‌టాప్ మూసేస్తాం.

ఒక పేచీ ఇంకా తేలలేదు. 0.3లో కూడా మెషీన్ తన వంకర గీతల్ని నున్నగా చేసేస్తోంది. నాకు అదే బాగున్నట్టనిపిస్తుంది. తనకి ఒళ్ళు మండుతుంది. నిన్న ప్రింట్ మీద ఎర్ర పెన్నుతో పదకొండు చోట్ల సున్నాలు చుట్టి నాకు వాట్సాప్ చేసింది. అందులో ఏడు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆదివారం ఘాట్‌కి రమ్మంది, చూపిస్తానంటోంది.