పక్క షెడ్డులో దొరికిన ఉపాయం!

చెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి. పది కాదు, వంద కాదు... ఏకంగా 9,000 సార్లు! పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని అన్నిసార్లు తిప్పాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పట్టేది. రోజుకి రెండు చీరలకు పోసేసరికి ఆడవాళ్ల భుజాలు పట్టేసేవి.

ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఆ అవస్థను చింతకింది మల్లేశం రోజూ చూసేవాడు. అతని చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. ఇంజినీరింగ్ తెలియదు. తెలిసిందల్లా ఆసే!

1992లో పని మొదలుపెట్టాడు. చెయ్యి చేసే పనిని కదలికలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో భాగం తయారుచేసుకుంటూ వెళ్లాడు. అప్పులు పెరిగాయి. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. చివరి కదలిక మాత్రం ఎంతకీ కుదరలేదు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వెళ్లి కరెంటు పనుల్లో చేరాడు.

అక్కడే కథ మలుపు తిరిగింది. 1999లో బాలానగర్‌లో వైరింగ్ పనికి వెళ్తే, అక్కడ నడుస్తున్న ఓ యంత్రంలో తను వెతుకుతున్న కదలిక కనిపించింది. దానికీ చీరలకీ సంబంధమే లేదు. అయితేనేం... అలాంటి భాగమే చేసి బిగించాడు. అమ్మ పేరుతో 'లక్ష్మీ ఆసు యంత్రం' సిద్ధమైంది. ఒక చీర పని గంటన్నరకు తగ్గింది.

పెంకు నుంచి పెనానికి...

గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతిది కుమ్మరి కుటుంబం. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పెంకుల్ని యంత్రంతో నొక్కడం చూశాడు. మట్టి పెనాల్ని కూడా అలాగే నొక్కొచ్చు కదా అనిపించింది. 1988లో అప్పు చేసి సొంతంగా ఆ పని మొదలుపెట్టాడు.

2001 భూకంపంలో పగిలిన కుండ ఫొటో కింద ఓ పత్రిక 'పేదవాడి ఫ్రిజ్' అని రాసింది. ఆ మాట అతని మనసులో నాటుకుంది. కొన్నేళ్ల ప్రయోగాల తర్వాత కరెంటు అక్కర్లేని మట్టి ఫ్రిజ్ 'మిట్టీకూల్' తయారైంది. పైన పోసిన నీళ్లు గోడల్లోకి ఇంకి ఆవిరవుతుంటే లోపల కూరగాయలు చల్లగా ఉంటాయి.

మనకూ చేతనవుతుందా?

ఈ ఇద్దరికీ పరిశోధన విభాగాలు లేవు. తమ పనిలోని కష్టం క్షుణ్ణంగా తెలుసు. పక్కవాడి పనిని తమ పనికి అన్వయించుకునే చూపు ఉంది. కానీ ఏడేళ్లు అప్పులతో నెట్టుకురావడం అందరివల్లా అయ్యేది కాదు. అందుకే ఆసరా కావాలి. 2000లో ఏర్పాటైన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ చేస్తున్నది ఆ పనే. ఈ ఇద్దరికీ అది అండగా నిలిచింది. 2017లో మల్లేశాన్ని పద్మశ్రీ వరించింది. 2019లో అతని కథ సినిమాగానూ వచ్చింది. అన్నిటికీ మించి, ఒక అమ్మ కోసం చేసిన యంత్రం ఇంకెందరో అమ్మల భుజాలకు విశ్రాంతినిచ్చింది.

కుట్టుపనైనా, పచ్చళ్ల తయారీ అయినా, వడ్రంగమైనా... చెయ్యి ఎక్కడ ఎక్కువగా నొప్పి పుడుతోందో అక్కడే మొదలుపెట్టొచ్చు. మొత్తం మార్చేయక్కర్లేదు, ఒక్క భాగం చాలు. సెలవు రోజున మరో షెడ్డులోకి తొంగిచూసి రావడానికైతే పైసా పెట్టుబడి కూడా అక్కర్లేదు!