ఎయిర్‌లైన్స్ విలీనం: విమానం రంగు మార్చడం తేలికే.. పైలట్ల సీనియారిటీ తేల్చడమే అసలు కష్టం!

రెండు విమానయాన సంస్థలు ఒక్కటైతే ప్రయాణికుడికి కనిపించేది రెండే మార్పులు. టికెట్ మీద పేరు మారుతుంది, విమానం తోక మీద రంగు మారుతుంది. కాక్‌పిట్‌లో కూర్చునే పైలట్ పరిస్థితి అలా కాదు. ఎప్పుడు కెప్టెన్ అవుతారు, ఏ విమానం నడుపుతారు, ఏ ఊళ్లో కాపురం పెడతారు.. అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

2024లో మన దేశంలో ఇలాంటి విలీనాలు రెండు జరిగాయి. అక్టోబర్ 1న పాత ఎయిర్ ఏషియా ఇండియా వెళ్లి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. నవంబర్ 12న విస్తారా వెళ్లి ఎయిర్ ఇండియాలో కలిసింది. మరి ఈ విలీనాలతో లోపల ఏం జరుగుతుంది? పైలట్లు ఎందుకు అంతగా ఆందోళన చెందుతారు?

అసలేంటీ సీనియారిటీ లిస్ట్?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసినప్పుడు ఎస్. రాయవరం నుంచి శ్రీకాకుళం దాకా ఖాతాదారులు చూసింది బోర్డు మార్పునే. ప్రమోషన్లు, బదిలీల లెక్కలు మాత్రం లోపలి ఉద్యోగుల తలనొప్పి. పైలట్లకు ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

ఎయిర్‌లైన్స్‌లో ప్రతి పైలట్‌కి సీనియారిటీ లిస్టులో ఒక నంబర్ ఉంటుంది. ఫస్ట్ ఆఫీసర్ కుడి సీటు నుంచి ఎడమ వైపు కెప్టెన్ సీటుకు ఎప్పుడు మారాలో, చిన్న విమానం నుంచి విదేశాలకు వెళ్లే పెద్ద విమానానికి ఎప్పుడు వెళ్లాలో చాలా సంస్థల్లో ఆ నంబరే తేలుస్తుంది. పెద్ద విమానం అంటే జీతమూ పెద్దదే.

ఇప్పుడు రెండు లిస్టులను ఒకటిగా కలపాలి. ఉద్యోగంలో చేరిన తేదీ చూద్దామంటే పాత సంస్థ వాళ్లకు లాభం. కెప్టెన్ అయిన తేదీ చూద్దామంటే వేగంగా ఎదిగిన కొత్త సంస్థ వాళ్లకు లాభం. ఏ లెక్క వేసినా ఒక వర్గం వెనక్కి పోతుంది. అది కూడా ఒక ఏడాదికి కాదు.. రిటైరయ్యే దాకా.

మన హైదరాబాద్‌తోనే మొదలు

విమాన సంస్థల విలీనం తెలుగు నేలకు కొత్తేం కాదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా నడిచేది. 1953 ఆగస్టు 1న దాన్ని మరో ఏడు సంస్థల దేశీయ సర్వీసులతో కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పాటు చేశారు. తర్వాతి కాలంలో ఆ సంస్థ పైలట్ల శిక్షణ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే నడిచింది.

2007లో ఏం జరిగింది?

2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాతో కలిపేశారు. కాగితాల మీద కంపెనీ ఒక్కటే అయింది. కానీ పైలట్లు మాత్రం రెండు వర్గాలుగానే మిగిలారు. జీతాలు వేరు, యూనియన్లు వేరు, నడిపే విమానాలు వేరు. ఒకవైపు ఎయిర్‌బస్, ఇంకోవైపు బోయింగ్.

నాలుగేళ్లు గడిచినా లెక్క తేలలేదు. 2011 ఏప్రిల్ చివర్లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కావాలంటూ దాదాపు పది రోజులు సమ్మె చేశారు. 2012 మేలో ఈసారి పాత ఎయిర్ ఇండియా పైలట్లు రోడ్డెక్కారు. కొత్తగా వస్తున్న బోయింగ్ డ్రీమ్‌లైనర్ శిక్షణ అవతలి వర్గానికి ఎలా ఇస్తారన్నది వాళ్ల గొడవ. విలీనానికి ముందే తమ సంస్థ ఆర్డర్ చేసిన విమానాలవి, ముందు అవకాశం తమకే రావాలన్నది వాదన. ఆ సమ్మె ఏకంగా 58 రోజులు సాగింది. ఉద్యోగాలు పోయాయి, సర్వీసులు రద్దయ్యాయి.

సమస్యను పరిష్కరించడానికి వేసిన జస్టిస్ ధర్మాధికారి కమిటీ 2012 జనవరిలోనే నివేదిక ఇచ్చింది. అంటే విలీనం జరిగాక నాలుగేళ్లు దాటిన తర్వాత! కలిపే ముందు తేల్చాల్సింది కలిపేశాక మొదలుపెట్టారన్నమాట.

అమెరికాలోనూ ఇదే సీన్

2001లో టీడబ్ల్యూఏను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొనేసినప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామంది లిస్టు అడుగుకు వెళ్లిపోయారు. ఆ తర్వాత కోతల్లో ముందు పోయింది వాళ్ల ఉద్యోగాలే. ఈ అనుభవంతోనే విలీనాల్లో సీనియారిటీని న్యాయంగా కలపాలని అక్కడ 2007లో చట్టమే చేశారు.

2024లో మారిందేంటి?

ఈసారి లెక్కలు ముందే మొదలయ్యాయి. అయినా సెగ తప్పలేదు. విస్తారా పైలట్లకు అప్పటిదాకా నెలకు 70 గంటల ఫ్లయింగ్‌కు గ్యారంటీ జీతం ఉండేది. విలీనానికి ముందు దాన్ని ఎయిర్ ఇండియా పద్ధతిలో 40 గంటలకు తగ్గించారు. ఆ అసంతృప్తికి పైలట్ల కొరత తోడై 2024 ఏప్రిల్‌లో విమానాలు వరుసగా రద్దయ్యాయి. చివరికి రోజుకు 25 నుంచి 30 సర్వీసులు తగ్గించుకోవాల్సి వచ్చింది. మరుసటి నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. విలీనంలో తమను చిన్నచూపు చూస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు.

కల్చర్ అంటే యూనిఫాం మాత్రమే కాదు

కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఆ రోజే మొదటిసారి కలిసి ఉండొచ్చు. అయినా ఒకరు అన్న మాటకు రెండోవారు ఏం చెప్పాలో, ఏ చెక్‌లిస్ట్ ఎప్పుడు చదవాలో ఇద్దరికీ ఒకేలా తెలియాలి. అందుకే రెండు సంస్థల మాన్యువల్స్‌ని ఒకటి చేసి, అందరికీ మళ్లీ శిక్షణ ఇస్తారు.

అయితే కెప్టెన్ పొరపాటు చేస్తే జూనియర్ ధైర్యంగా చెప్పగలగడం, అలసిపోయానని చెబితే యాజమాన్యం నమ్మడం.. ఇవి మాన్యువల్‌తో వచ్చేవి కావు. "మా వాళ్లు, మీ వాళ్లు" అనే మాట ఉన్నన్నాళ్లూ ఆ నమ్మకం కుదరదు.

ఉత్తరాంధ్రకు ఈ కథతో మరో లింకు ఉంది. 2017లో ఎయిర్ ఇండియాను అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. 2024 విలీనాల నాటికి ఆ శాఖ శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడి చేతిలో ఉంది.

విలీనం ఏ తేదీన జరిగిందన్నది ప్రకటనలో ఉంటుంది. అది నిజంగా పూర్తయిందా లేదా అన్నది మాత్రం పైలట్ల లిస్టు చూస్తే తెలుస్తుంది. లిస్టు తేలకుండా రంగు మారిస్తే ఏమవుతుందో 2012లో ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు కాసిన ప్రయాణికులను అడిగితే చెబుతారు.