వెయ్యి మందికి స్పీడు లిమిట్ పెడితే గేట్‌వే ఎందుకు మొరాయిస్తుంది?

చందాదారులు యాభై మంది ఉన్నన్నాళ్లూ చక్కగా నడిచిన లైనక్స్ గేట్‌వే, వెయ్యి మంది అయ్యేసరికి సాయంత్రం పూట చతికిలబడుతుంది. చూస్తే లైను ఖాళీగానే ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం నిండిపోయి ఉంటుంది. ఎందుకు?

చాలాసార్లు తప్పు స్పీడును పట్టి ఉంచే హెచ్‌టీబీది కాదు. ఏ ప్యాకెట్ ఎవరిదో వెతకడంలోనే ప్రాసెసర్ అలిసిపోతుంది. మనిషికో క్లాస్ (అతని స్పీడు వాటా), ప్యాకెట్లను అందులోకి పంపడానికి క్లాస్‌కో యూ32 ఫిల్టర్ చొప్పున రాసుకుంటూ పోతే కెర్నెల్ వాటిని పైనుంచి ఒక్కొక్కటిగా సరిచూస్తుంది. 1 గిగాబిట్ లైను 1,500 బైట్ల ప్యాకెట్లతో నిండితే సెకనుకు దాదాపు 80,000 ప్యాకెట్లు. ఒక్కోదానికి సగటున 500 ఫిల్టర్లు దాటాలంటే సెకనుకు 4 కోట్ల పోలికలు! పార్సిల్ మీద ఫ్లాట్ నంబరు ఉండగానే డెలివరీ కుర్రాడు ప్రతి తలుపూ తట్టుకుంటూ వచ్చినట్టన్నమాట.

మరి ఎలా? యూ32లోనే హ్యాష్ టేబుల్ ఉంది. ఐపీ చివరి భాగాన్ని బట్టి 256 అరలు చేస్తే, 10.0.0.0/22 లోని 1,024 చిరునామాలు అరకు నాలుగేసి సర్దుకుంటాయి. కాకపోతే ఆ సింటాక్స్ ఆర్నెల్లు పోతే రాసినవాడికే అర్థం కాదు. అందుకే నా ఓటు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ మ్యాప్‌కి. ఏ ఐపీకి ఏ క్లాసో రాసిన పట్టిక ఒకటి, ఫార్వర్డ్ చెయిన్‌లో దాన్ని చూసి క్లాస్ నంబరును ప్యాకెట్ ప్రయారిటీగా వేసే రూలు ఒకటి. ప్రయారిటీలో తన క్లాస్ నంబరే కనిపిస్తే హెచ్‌టీబీ ఇక ఫిల్టర్ల జోలికి పోదు.

అప్‌లోడ్ చిక్కూ దీంతోనే తీరుతుంది. బయటి ఇంటర్‌ఫేస్ చేరేసరికి న్యాట్ అందరి చిరునామానూ ఒకటి చేసేస్తుంది, అక్కడ ఎవరు ఎవరో ఫిల్టర్‌కి తెలియదు. ఫార్వర్డ్ చెయిన్ అంతకు ముందే వస్తుంది.

క్లాస్ నంబర్లు హెక్సాడెసిమల్. 1:10 అంటే పదోది కాదు, పదహారోది. స్క్రిప్టులో ఇది కలగాపులగమైతే ఒకరి ప్లాన్ ఇంకొకరికి పోతుంది. ప్రతి క్లాస్ కింద ఎఫ్‌క్యూ-కోడెల్ క్యూ కూడా పెట్టండి. లేదంటే మనిషి డౌన్‌లోడే అతని వీడియో కాల్‌కి అడ్డం పడుతుంది.

ఇంత చేసినా ఒక కోర్ మాత్రమే వంద శాతం కొడుతుంటే, అది హెచ్‌టీబీ లాక్ వల్ల: ఒకే హెచ్‌టీబీ కోసం కోర్‌లన్నీ వరుస కట్టాలి. అప్పుడు ఎంక్యూ (బహుళ క్యూల పద్ధతి) కింద కోర్‌కో హెచ్‌టీబీ పెట్టి, ఒక చందాదారుడి ట్రాఫిక్ ఒకే కోర్‌కి పోయేలా చూడాలి.

ఇక ప్లాన్ల గొడవే లేని హాస్టల్‌లో మనిషికో లిమిట్ ఎందుకు? 2018లో 4.19 కెర్నెల్‌లో చేరిన కేక్ అనే క్యూ పద్ధతి, ఉన్న లైనును మనుషుల వారీగా తనే పంచిపెడుతుంది. గేట్‌వే మీదే న్యాట్ నడుస్తుంటే దాని న్యాట్ ఆప్షన్ ఇవ్వడం మరిచిపోకండి.